పొంగని చుట్టరొట్టె

నాకు జొన్నరొట్టె తట్టడం రాదు. పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన వారంలోనే ఆ సంగతి పాలెం మొత్తానికి తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళు బోర్డింగు స్కూల్లో పెరిగినదాన్ని. అక్కడ వందమంది పిల్లలకు పెద్ద డేగిసాలో సంగటి కెలకడమే గానీ, కూర్చుని రొట్టెలు తట్టే తీరిక ఎవరికుంది? నేను తట్టిన రొట్టె పీట మీద ఉన్నంతసేపు బాగానే ఉండేది. ఎత్తి పెనం మీద వేసేలోగా మూడు ముక్కలయ్యేది. మా ఆయన ఆ ముక్కలనే గుడ్డలో కట్టుకుని మార్కాపురంలో పలకల కార్ఖానాకు పోయేవాడు. పలకలకు చెక్క చట్రాలు బిగించే పని ఆయనది. తోటివాళ్ళ ముందు ఆ మూట విప్పడానికి ఇబ్బంది పడేవాడని నాకు తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. అనేది మా అత్త.

"పలక మీద రాసేది వచ్చు, పెనం మీద వేసేది రాదు" అనేది, బావి దగ్గర అందరూ వినేట్టు.

నేను పాలెం బడిలో పంతులమ్మను. ఆ బావి దగ్గరున్న ఆడవాళ్ళ పిల్లలకే అక్షరాలు దిద్దబెట్టేదాన్ని. ఒకరోజు నీళ్ళు చేదుకుంటూ ఆ మాట మళ్ళీ విన్నాక ఇక ఆగలేకపోయాను.

"నాకు బంగళా రొట్టె వచ్చు అత్తా. దొరసాని చేసే చుట్టరొట్టె. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకెవరికీ రాదు" అన్నాను.

"చుట్టరొట్టె ఏందిమే? నిప్పంటించి పీల్చేదా?"

అందరూ నవ్వారు. చుట్ట కాల్చే ముసలామె ఒకతె మరీ నవ్వింది.

"చేసి చూపిస్తా."

"చెయ్యి. తినకుండా యాడికి పోతాం" అంది మా అత్త.

నేను ఆ మాట అనకుండా ఉంటే ఆ ఏడాది సుఖంగా గడిచేది.

చుట్టరొట్టె అన్న పేరు బోర్డింగు పిల్లలం పెట్టుకున్నది. బోర్డింగు నడిపే మిషను దొరసాని దానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పేది, మాకు నోరు తిరిగేది కాదు. శనివారం శనివారం బంగళా వంటింట్లో పెద్దపిల్లలం నలుగురం పిండి పిసికేవాళ్ళం. పిసికిన పిండిని చాపలాగా వెడల్పుగా ఒత్తేవాళ్ళం. దొరసాని వచ్చి గిన్నెలోంచి పచ్చటిదేదో దాని మీద పూసి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, చాప చుట్టినట్టు చుట్టి రేకు పెట్టెలో పెట్టేది. కాలిన తర్వాత కోస్తే ముక్క మధ్యలో గోధుమరంగు చుట్టలు నత్తగుల్లలాగా కనపడేవి. క్రిస్మసుకు తలా ఒక ముక్క ఇచ్చేవారు. ఏడాది పొడుగునా పిసికింది మేము, తిన్నది ఆ ఒక్క ముక్క. అన్నేళ్ళు పిసికాను కాబట్టి నాకు వచ్చనుకున్నాను.

మైదా మార్కాపురంలో దొరికేది గానీ ఎప్పుడో రైల్లో వచ్చిన సరుకు, జల్లెడ పడితే పురుగులు వచ్చేవి. దాల్చినచెక్క మసాలా దినుసులు అమ్మే సాయిబు దుకాణంలో తెచ్చాను. పిండిలో ఉప్పూ నీళ్ళూ పోసి పిసికి, గుడ్డ కప్పి, పొద్దున పెట్టిన పిండిని సాయంత్రం తీసి చూశాను. పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. పొయ్యి మీద సత్తు గిన్నె పెట్టి, అడుగున ఇసక పోసి, మూత మీద నిప్పులు పోసి దాన్నలాగే కాల్చాను. బయటికి తీస్తే మా ఆయన వేలితో కొట్టి చూశాడు.

"కార్ఖానాకు తీసుకపోతే దీనికీ చట్రం బిగిస్తారు" అన్నాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను రెండు రోజులు రొట్టె తట్టలేదు.

తర్వాత పులిసిన మజ్జిగ పోసి చూశాను. పిండి పుల్లబడింది గానీ పొంగలేదు. ఇంకోసారి సోడా ఉప్పు వేస్తే కొంచెం పొంగింది గానీ పసుపు కలిపినట్టయి, నోట్లో పెట్టుకోలేనంత చేదు. ఇసకలో పెడితే అడుగు మాడుతోందని నాలుగోసారి ఇసక మీద పలకరాయి ముక్క వేశాను. మా ఆయన కార్ఖానా నుంచి తెచ్చిన, విరిగిపోయిన పలక. నల్లగా, నున్నగా, చూడటానికి బంగళా పొయ్యిలో రాయిలాగానే ఉంది. కాసేపటికి గిన్నెలో తుపాకీ పేలినట్టయింది. మూత, దాని మీద నిప్పులు లేచి వంటింట్లో పడ్డాయి. పలక పొరలు పొరలుగా పగిలి పిండిలోకి గుచ్చుకుపోయింది. మా అత్త బయట మేకకు నీళ్ళు పెడుతున్నదల్లా చేద పారేసి వచ్చింది. నిప్పులన్నీ ఇద్దరం కలిసి ఊడ్చాం. ఊడ్చిన తర్వాత ఆమె అన్నది ఒకటే.

"మాంసంలోకి వేసుకునే చెక్క. బూడిద చేస్తివి."

మిషను బడుల పంతుళ్ళమందరం నెలకొకసారి బంగళాకు పోయి హాజరు పుస్తకాలు చూపించాలి. ఆ నెల పుస్తకం చూపించిన తర్వాత దొరసానిని అడిగాను. ఆమెది పుస్తకంలో నేర్చుకున్న తెలుగు.

"ఈస్టు లేకుండ రొట్టె పొంగదు. మన బట్లరు బహు మంచి ఈస్టు చేయును. అతనిని అడుగుము" అంది.

బట్లరు తాత బంగళాలో నలభై ఏళ్ళ నుంచి వంట చేస్తున్నాడు. మా సంఘం మనిషే. ఆదివారం మా క్రైస్తవ గుడిలో ముందు వరసలో కూర్చుని గట్టిగా పాడేవాడు. బోర్డింగులో మేము పిండి పిసికేటప్పటికి అది అప్పటికే పొంగి తొట్టి నిండా ఉండేది. దాన్ని తెచ్చి మా ముందు పెట్టేది ఆయనే. నేను చూడనిది ఆ ముందు జరిగే పని ఒక్కటే. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగాను.

"అది అమెరికా మందు. నీకు దొరకదు" అన్నాడు, తల ఎత్తకుండా.

"కొంచెం ఇయ్యి తాతా. ఒక చెంచాడు."

"ఇయ్యగూడదు. దొరసాని లెక్క చూసుకుంటది."

దొరసాని నిన్నే అడగమంది కదా అని చెప్పినా వినిపించుకోలేదు. నాలుగు మైళ్ళు ఎండలో నడిచి ఇంటికి వచ్చాను. ఒకరు ఇంకొకరిని అడగమంటారు, ఆ ఇంకొకరు లేదంటారు. పిండి పిసకడానికి మాత్రం నా చేతులు పనికొచ్చాయి.

మరుసటి నెల నేను అక్కణ్ణించి కదలదలచుకోలేదు. పుస్తకం చూపించడం అయిపోయినా వంటింటి వెనక గట్టు మీద కూర్చున్నాను. తాత గిన్నెలు కడిగి నీళ్ళు పారబోయడానికి వచ్చి నన్ను చూశాడు. లోపలికి పోయాడు. మళ్ళీ వచ్చాడు. చివరికి పక్కన కూర్చుని తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎవరికీ చెప్పనంటేనే."

"చెప్పను తాతా."

"అమెరికా మందు ఒకసారి వచ్చింది. ఈ ఎండకు చచ్చిపాయ. దొరసాని ఈస్టు ఈస్టు అని నా పానం తీసింది. నేనేం చేసేది? ఈతకల్లు."

నేను సరిగా వినలేదనుకున్నాను.

"పొద్దున దించిన కల్లు. ఒక చెంబుడు పిండికి పావు చెంబు పోసి రాత్రంతా ఉంచితే పొంగుతది. సీసాలో పోసి పెడ్తా. దొరసానే దాని మీద ఈస్టు అని చీటీ రాసి అంటించింది."

"ఆమెకు తెలుసా?"

"ఆమె అడగలా, నేను చెప్పలా."

కల్లు ముట్టనని చెయ్యెత్తి ఒట్టు పెట్టించి గానీ మా సంఘంలో ఎవరికీ బాప్తిస్మం ఇచ్చేవారు కాదు. బోర్డింగులో ఆ ఒట్టు మాచేత ఏడాదికొకసారి మళ్ళీ పెట్టించేది ఆ దొరసానే. నెలకొకసారి మా గుడిలో బల్ల మీద పెట్టి అందరికీ పంచే ప్రభుభోజనం రొట్టె వచ్చేదీ ఆ బంగళా వంటింట్లోంచే. అది నాకు అక్కడే తట్టింది. తాతకు ఎప్పుడో తట్టి ఉంటుంది. ఆయన నా మొహం చూసి లేచాడు.

"నలభై ఏండ్ల కూడు బిడ్డా. నోరు జారితే పోతది" అని చెప్పి లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చి మా ఆయనకు మాత్రం చెప్పాను. తాతకు మాటిచ్చిన కాసేపటికే తప్పానని తెలుసు, కానీ కల్లు ఎవరో ఒకరు తేవాలి కదా. ఆయన చాలాసేపు నవ్వి, తెమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నేను పోతే తాగను పోయినాడంటారు. నువ్వు పో. ఆడమనిషి, పంతులమ్మ. ఎవురనుకుంటారు?"

ఊరికి పడమరగా వాగు గట్టున ఈతచెట్లుండేవి. మరుసటి రోజు పొద్దున్నే ఇత్తడి చెంబు పైట కింద పెట్టుకుని పోయాను. కల్లు గీసే ఆయన చెట్టు దిగుతున్నాడు. ఎవరికమ్మా అంటే రొట్టెకు అన్నాను.

"రొట్టెకు కల్లు పోసేవాళ్ళను ఇప్పుడే చూస్తన్నా" అన్నాడు గానీ పోశాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెదమామ ఎదురయ్యాడు. మా ఆయనకు స్వంత పెదనాయన, మా సంఘానికి పెద్ద. తెల్లవారుజాము నుంచి గొర్రెలు తోలుకుని తిరిగి అలిసిపోయి ఉన్నాడు.

"చెంబులో ఏందమ్మా?"

"మజ్జిగ పెదమామా."

ఆ మాట ఎందుకన్నానో తెలియదు. నీళ్ళంటే సరిపోయేది. నీళ్ళన్నా ఆయన ఇదే అడిగేవాడేమో.

"మంచిదాయ. గొంతు ఎండిపోతాంది. ఒక గుక్క పొయ్యి" అని దోసిలి పట్టాడు.

నేను చెంబు పైట కిందే పట్టుకుని నిలబడ్డాను. పుల్లబడిందని చెప్పాను. పుల్లటిదే మేలు, పొయ్యమన్నాడు. ఈగ పడిందన్నాను. ఆయన దోసిలి దించి నన్ను చూశాడు. గాలి ఆయన వైపే వీస్తోంది. దగ్గరికి రావాల్సిన పని కూడా లేకపోయింది. చెంబు తీసుకుని, చూసి, దారి పక్కన ఉన్న ముళ్ళకంపలో వంపేసి ఖాళీ చెంబు నా చేతికిచ్చాడు. తిట్టలేదు. ఆదివారం గుడికి రమ్మన్నాడు, అంతే.

ఆదివారం ఆరాధన అయిన తర్వాత అందరినీ ఉండమన్నారు. నన్ను ముందుకు పిలిచారు. పెదమామ జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఒక్క మాట ఎక్కువ చెయ్యలేదు. పాస్టరు అయ్యగారు అది నిజమేనా అన్నారు. నిజమే, కానీ తాగడానికి కాదు, రొట్టె పొంగడానికి అన్నాను. వెనక ఎవరో నవ్వారు.

"రొట్టెకు కల్లెందుకమ్మా?" అన్నాడు పెదమామ. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "బంగళాలో రొట్టె చేస్తన్నారు గదా. బల్లకు అక్కణ్ణించే వస్తాంది. వాళ్ళేమన్నా కల్లు పోస్తన్నారా?"

నా ఎదురుగా ముందు వరసలోనే బట్లరు తాత. పాటల పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని దాని అట్టనే చూస్తున్నాడు. మా ఆయన అటు వరసలో ఉన్నాడు, చెప్పెయ్యమన్నట్టు గడ్డం ఎత్తాడు. నోటిదాకా వచ్చింది. ఒక్క అవునన్న మాట. తాత బొటనవేలు ఆ అట్ట అంచు మీద అటూ ఇటూ కదులుతోంది.

"నాకు తెలీదు పెదమామా" అన్నాను.

మూడు నెలలు బల్లకు దూరంగా ఉండాలన్నారు. కల్లు కొన్నందుకే కాదు, అబద్ధమాడినందుకు కూడా అని అయ్యగారు విడమరిచి చెప్పారు. అబద్ధమాడానన్నది నిజమే. అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఒట్టి అన్యాయమైతే కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని.

మొదటి నెల బల్ల ఆదివారం వెనక, తలుపు దగ్గర కూర్చున్నాను. రొట్టె పళ్ళెం వరస వరసకూ వచ్చి నా ముందు వరసలో ఆగి వెనక్కి పోయింది. అది కోసినప్పటి వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కొంచెం తీపి, వెనక కొంచెం పులుపు. అప్పటిదాకా ఆ పులుపు ఎక్కడిదని ఆలోచించనేలేదు. పెదమామ కళ్ళు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆయన నిజాయితీ గల మనిషి. ఆయన మీద కోపం నిలవకపోవడం కూడా నాకు విసుగే.

ఆ రోజు మధ్యాహ్నం మా అత్త ఇంట్లో లేదు. ఆమె గుడికి వచ్చేది గానీ బాప్తిస్మం తీసుకోలేదు. నీళ్ళలో ముంచితే రొంప పడుతుందని ఏళ్ళ తరబడి వాయిదా వేసింది. అందుకని ఆమెను బల్లకు దూరం పెట్టేవాళ్ళు లేరు. మరుసటి రోజు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే చెంబు తెచ్చి పొయ్యిగట్టు మీద పెట్టింది. మూత కూడా పెట్టలేదు. నిన్ననే పోయి కల్లాయనకు చెప్పి వచ్చిందట.

"పేరు ఎట్లాగూ పోయింది. రొట్టెన్నా తిందాం" అంది.

కల్లు నిజంగా రొట్టెకేనని మా ఆయన చెప్పాడేమోనని ఆయన వైపు చూశాను. "నేనేం చెప్పలా" అన్నాడు. గుడిలో నేను నిలబడి చెప్పింది ఆమె కూడా విన్నదే కదా. నమ్మింది మాత్రం ఆమె ఒక్కతే అని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం పిండి తడిపాను. పొద్దున లేచి చూస్తే గుడ్డను నెట్టుకుని గిన్నె అంచు దాటింది. మా అత్త వేలుతో గుచ్చి చూసింది. గుచ్చిన చోటు మెల్లగా మళ్ళీ పైకి వచ్చింది. ఇంకోసారి గుచ్చింది. చాపలాగా ఒత్తి, ఇంట్లో ఉన్న నెయ్యంతా పూశాను. ఇన్నాళ్ళ కసి కొద్దీ చక్కెర, చెక్కపొడి చేతికొచ్చినంత చల్లాను. చుట్టి, గిన్నెలో పెట్టి, పైనా కిందా నిప్పులు వేసి బడికి ఆలస్యంగా పోయాను.

రొట్టె పొంగింది, కాదనను. కానీ చుట్టలు ఒకదానికొకటి అంటుకోలేదు. కోస్తే పొరలు ఊడి చేతిలోకి వచ్చాయి. చక్కెర కరిగి అడుక్కు కారి నల్లగా మాడి, గిన్నెకు పట్టుకుంది. మాడింది చెక్కేసి మిగిలింది ముగ్గురం తిన్నాం. బావి దగ్గరి ఆడవాళ్ళకు కూడా మా అత్త పంచింది. పంచుతూ ఏమందో తర్వాత తెలిసింది: పొంగింది గానీ నిలబడలేదు, మా కోడలి జొన్నరొట్టె మాదిరే ఇదీ ముక్కలే. నాకు చెప్పింది వేరు.

"దీనికా ఇంత ఏడుపు? మెత్తగా ఉంది. పండ్లు లేనోళ్ళకు బాగుంటది."

మూడు నెలలు అయినాక నన్ను మళ్ళీ చేర్చుకున్నారు. అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. బల్ల అయి బయటికి వస్తుంటే బట్లరు తాత చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. ఆ మూడు నెలలూ ఆయన నా వైపు చూడలేదు. థాంక్సు చెబుతాడనుకున్నాను. లేదా క్షమించమంటాడనుకున్నాను. ఏమనాలో కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను.

"చుట్టలు ఊడిపాయనంట గదా" అన్నాడు. "నెయ్యి పూసినావా?"

"దొరసాని పూసేది కదా, పచ్చగా."

"అది నెయ్యి కాదు. గిలకొట్టిన గుడ్డు. నెయ్యి పూస్తే పొరలు అంటుకోవు. చక్కెర గూడా అంత వెయ్యగూడదు. పలచగా చల్లాల."

అంతే చెప్పి, తలగుడ్డ సర్దుకుని బంగళా దారి పట్టాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆ ఒక్క ముక్క గట్టు మీద కూర్చున్న రోజే చెప్పి ఉంటే ఏం పోయేది? అరిచి అడగాలనిపించింది. గుడి ముందు జనం ఉన్నారు. అరవలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, పాపం ముసలాయన, అంతకంటే ఏం చెప్పగలడు అన్నాడు. ఆ పాపం అన్న మాటకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆ వారం నేను పిండి తడపలేదు. పై వారం కూడా తడపలేదు. మా అత్త రెండుసార్లు చెంబు తెచ్చి, నేను ముట్టకపోతే సాయంత్రం దాకా చూసి తానే తాగేసింది.

నెల పోయిన తర్వాత, ఆమె పొరుగూరికి పోయి, మా ఆయన కార్ఖానాలో ఉన్న ఒక బడి సెలవు రోజున, ముందురోజు ఆమె తెచ్చిన కల్లుతో తడిపిన పిండితో ఒక్కదాన్నే చేశాను. గుడ్డు పూశాను, చక్కెర పలచగా చల్లాను. గిన్నె మూత తీసేటప్పటికి ఎండ పొయ్యిగది గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చల్లారనివ్వకుండానే కోశాను. చుట్టలు చుట్టల్లాగానే ఉన్నాయి, ఒక్క పొర ఊడలేదు. వేలు కాలుతున్నా ఆ ముక్క అక్కడే నిలబడి తిన్నాను, ఎవరినీ పిలవలేదు.